తిట్టుకోవడం ఆపాకే కాస్త తగ్గింది
ఎక్కువ తిన్నందుకు మనల్ని మనం తిట్టుకోవడమే మళ్లీ తినేలా చేస్తుందని ఒక వ్యాసంలో చదివాను. అది నా విషయంలో అక్షరాలా నిజం. ఆఫీసులో ఆడిట్ టెన్షన్ ఉన్న రోజుల్లో రాత్రి పదకొండింటికి జంతికల డబ్బా ముందేసుకుని కూర్చునేదాన్ని. ఆకలేం కాదు, అన్నం తిని గంటయ్యేది అంతే. సగం డబ్బా ఖాళీ అయ్యాక "ఛీ, నీకు సిగ్గు లేదు" అనుకుని, రేపు ఉపవాసమని ఒట్టు పెట్టుకోవడం. మర్నాడు మధ్యాహ్నం దాకా పస్తు, సాయంత్రానికి రెట్టింపు తిండి! 2007లో అమెరికాలో ఆడమ్స్, లియరీ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలోనూ ఇలాంటిదే తేలింది. తిండి విషయంలో కట్టడి పెట్టుకునే అమ్మాయిలకు డోనట్ తినిపించి, తిన్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండని చెప్తే, ఆ మాట ఎవరూ చెప్పని వాళ్లకంటే తర్వాత చాక్లెట్ల లాంటివి తక్కువ తిన్నారట. మా అత్తయ్య మాత్రం "నీ మీద నువ్వే జాలిపడితే ఇంకా తింటావు" అంటారు. నాకు జరిగింది వేరు. ఇప్పుడు రాత్రి ఎంత తిన్నా పొద్దున ఇడ్లీ మానను. జంతికలు నేరుగా డబ్బాలోంచి కాకుండా గిన్నెలో వేసుకుంటున్నాను. జాలి ఒక్కటే చాలదు, ఆ గిన్నె కూడా కావాలి.