బ్లెన్‌హైమ్ వంతెన దొరవారికి

మహారాజశ్రీ గ్రాండ్ బ్రిడ్జ్ గారి దివ్యసముఖానికి,

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, వుడ్‌స్టాక్ ఊరి పక్కన, మార్ల్‌బరో డ్యూకుల బ్లెన్‌హైమ్ ప్యాలెస్ ఎస్టేట్‌లో తమరు కొలువై ఉన్నారు. తమ నడిమి కమాను వెడల్పు 101 అడుగులు. దాని కింద అప్పట్లో పారింది మాత్రం గ్లైమ్ అనే పిల్లకాలువ! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

చిన్నదీ చవకదీ చాలని లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కట్టిన రెన్ చెప్పి చూశాడు. ప్యాలెస్‌కూ తమకూ నమూనా గీసిన వాన్‌బ్రా వింటేగా! నాటకాలు రాస్తూ రాస్తూ భవనాల మీద పడ్డ మనిషి. నడవడానికి దారి అడిగితే ఆయన రంగస్థలం ఎత్తాడు. పైన స్తంభాల మండపం కూడా అనుకున్నాడు గానీ అది కాగితం దాటలేదు. పుణ్యం.

ఇంతకీ నాకు నచ్చింది తమ కడుపులోని సంసారం. డ్యూక్ గారి భార్య డచెస్ సారా లెక్కపెడితే 33 గదులు తేలాయి! వాటిలో కొన్నిటికి కిటికీలు, చలి కాచుకోవడానికి పొయ్యిలు కూడానట. వంతెనలో కాపురం ఎవరికండీ? బిల్లులు చూసుకునే ఇల్లాలిగా ఆవిడ మండిపడటంలో నాకైతే తప్పు కనిపించదు. ప్యాలెస్ పనికి ప్రభుత్వ ఖజానా ఇచ్చే సొమ్ము 1712లో ఆగింది, 1716లో వాన్‌బ్రా అలిగి వెళ్ళిపోయాడు. 1725లో తను కట్టింది చూసుకుందామని భార్యతో వస్తే, లోపలికి రానివ్వొద్దని డచెస్ ముందే హుకుం వేసి ఉంచింది. అది మాత్రం కాస్త ఎక్కువే.

తమ పరువు నిలబెట్టింది తోటలు తీర్చిదిద్దే కేపబిలిటీ బ్రౌన్. వంతెనకు తగ్గ ఏరు లేకపోతే ఏరునే పెంచుదామని 1760లలో గ్లైమ్‌కు ఆనకట్ట వేశాడు. చెరువు నిండింది, తమరికి అందం వచ్చింది, కింది గదులు నిండా మునిగాయి. ఎవరూ కాపురం చేయని ఇంటికి చివరికి చేపలు అద్దెకు దిగాయి.

మా వైపు ఏరు పొంగి రాకపోకలు ఆగే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అక్కడివాళ్ళు అర్జీలు పెట్టుకునేది నాలుగు దూలాల వంతెనకే, పొయ్యిలు వద్దంటారు. తమరి పలుకుబడితో అందులో ఒక్కటైనా కదిలించగలరేమో చూడండి.

ఇట్లు,
టికెట్ కొని తమ వీపు మీద నడిచిన
ఒక బాటసారి