16 గంటల వ్యాయామ వీరుడికి జోహార్లు

వ్యాయామానికీ మానసిక ఆరోగ్యానికీ ముడిపెట్టే పరిశోధన పత్రాల్లో నాకు ఒక వాక్యమంటే మహా ఇష్టం. అది చివర్లో, ఎవరూ చదవని చోట, ‘పరిమితులు’ అనే ఉపశీర్షిక కింద బుద్ధిగా చేతులు కట్టుకుని ఉంటుంది: ‘శారీరక శ్రమ వివరాలు పాల్గొన్నవారు స్వయంగా చెప్పినవి.’ అంటే పైనున్న పట్టికలు, గ్రాఫులు, మూడేసి దశాంశ స్థానాలు అన్నీ కాకిలెక్కల మీద లేచిన మేడలన్నమాట. ఆ ముక్క ఒకటి రాసేస్తే చాలు, చేసిన పాపం మాఫీ.

ఈ కాకిలెక్కలకు అధికారిక ఫారాలున్నాయి. అందరికంటే పేరున్నది అంతర్జాతీయ శారీరక శ్రమ ప్రశ్నావళి, ముద్దుగా ‘ఐపాక్’. 1998లో జెనీవాలో పురుడు పోసుకుంది. 12 దేశాల్లో పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. గత 7 రోజుల్లో బాగా ఆయాసం వచ్చే పని ఎన్ని రోజులు చేశారు? రోజుకు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు? ఊపిరి మామూలు కంటే ‘కొంచెం’ ఎక్కువగా ఆడే పని ఎంతసేపు? ఒక్క బిగిన 10 నిమిషాలకు తగ్గినవి లెక్కలోకి రావు సుమా. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనం, పోయిన మంగళవారం ఎన్ని నిమిషాలు రొప్పామో టక్కున చెప్పేస్తామని వీళ్ల నమ్మకం.

మనమూ తక్కువ తినలేదు. ఎంతలా చెబుతామంటే, ఈ ఫారం లెక్కలు తేల్చడానికి 2005లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక నియమం పెట్టాల్సి వచ్చింది: రోజుకు 16 గంటలకు మించి శ్రమ చేశానన్న మహానుభావుణ్ణి లెక్కలోంచి తీసేయాలి. ఆయన్ని ఒక్కసారి ఊహించుకోండి. 17 గంటలు వ్యాయామం, మిగిలిన 7 గంటలు నిద్ర. స్నానం పరుగెత్తుతూనే, భోజనం బరువులెత్తుతూనే. పాపం, నిజాయితీగా ఆ ఫారం నింపింది కూడా గుంజీలు తీస్తూనే అయ్యుంటుంది. అలాంటివాణ్ణి గెంటేశారు! ఆయన పక్కింటాయన మాత్రం తెలివైనవాడు. నడక 5 గంటలు, మధ్యరకం పని 5, కఠినమైన పని 5, మొత్తం 15 అని రాశాడు. ఆయన్ని సగౌరవంగా లోపలికి పిలిచి, ఒక్కోదాన్ని 3 గంటలకు కత్తిరించి, రోజుకు 9 గంటల కసరత్తు చేసే మామూలు మనిషిగా విజ్ఞానశాస్త్రంలో కూర్చోబెడతారు.

మరి ఇది నిజాన్ని ఎంత పట్టుకుంటుందని అడక్కండి. ఒకే మనిషి కొద్ది రోజుల తేడాతో రెండుసార్లు నింపితే రెండు జవాబుల మధ్య పొంతన 0.8 దాకా వచ్చింది (1 వస్తే అచ్చు గుద్దినట్టు సరిపోయిందని, 0 అయితే సంబంధమే లేదని). కదలికలు కొలవడానికి ఒంటికి కట్టిన యంత్రంతో పోలిస్తే 0.3 దగ్గరే ఆగింది. మొన్న కోసిన కోతే ఇవాళా కోస్తాం. మాట మీద నిలబడే జాతి మనది! ఐపాక్ చిన్న ఫారం మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ 2011లో ఒకచోట చేర్చి చూస్తే, చాలావాటిలో జనం చెప్పింది యంత్రం చూపినదానికంటే 36 నుంచి 173 శాతం ఎక్కువ.

యంత్రమూ దేవుడేం కాదు. నడుముకు కడితే సైకిలు తొక్కడాన్ని సరిగ్గా పట్టుకోదు. కానీ మొహమాటానికి అరగంట కలపదు. బ్రిటన్లో లక్షలమంది ఆరోగ్య వివరాలు పోగుచేసే యూకే బయోబ్యాంక్ అనే పరిశోధన సంస్థ 2013 నుంచి 2015 దాకా దాదాపు లక్షమంది మణికట్టుకు ఆ యంత్రం కట్టి వారం పాటు కొలిచింది. ఆ కొలతల్నీ జన్యు సమాచారాన్నీ కలిపి 2019లో ఒక అధ్యయనం వచ్చింది. యంత్రం కొలిచిన కదలికతో డిప్రెషన్ ముప్పు తగ్గుతున్నట్టు తేలింది. నోటితో చెప్పిన కదలికతో అలాంటిదేమీ తేలలేదు. అయినా ఫారాల ముద్రణ ఆగదు. కాగితం చవక కదా.

బలంగా ఉన్నవాడు గొప్పలు పోతే నాకేం బాధలేదు, నవ్వుకుంటాను. కానీ మనసు బాగోలేని మనిషి చేతిలో ఈ కాగితం పెడతారే, అక్కడ ఒళ్లు మండుతుంది. ‘నావల్ల ఏదీ కాదు’ అని నమ్మించడమే ఆ జబ్బు పని. అలాంటప్పుడు చేసిన నడక కూడా చేసినట్టు అనిపించదు. ‘దిగులుగా ఉందా’ అన్న కాగితాన్నీ, ‘ఎంత నడిచావు’ అన్న కాగితాన్నీ ఒకే దిగులు నింపుతుంది. ఆ రెండిటికీ సంబంధం దొరికిందని పండగ చేసుకుంటారు! అది దిగులుకు దిగులుతో ఉన్న చుట్టరికం కాదని ఎవరైనా చూశారా? ఇక దాని మీద ఒక శీర్షిక వస్తుంది, ‘నడిచేవారికి డిప్రెషన్ తక్కువ’ అని. మంచం దిగలేని మనిషి మొహాన ఇంట్లోవాళ్లు ఆ పేపరు కొడతారు: ‘చూడు, లేచి నాలుగడుగులు వేస్తే అన్నీ అవే తగ్గుతాయి, నీకే బద్ధకం.’ వ్యాయామం మంచిదే. మనుషుల చేత చేయించి చూసిన ప్రయోగాల్లో మేలు కనిపించింది, కాదనను. కానీ నడవక కుంగిపోయాడో, కుంగిపోయి నడవలేకపోయాడో తేల్చకుండా, అసలు ఎంత నడిచాడో కూడా తెలియకుండా, ఎవరిచ్చారయ్యా మీకు అతన్ని సోమరిపోతు అనే హక్కు?

ఆ ఫారాలు ఎలా నిండుతాయో చూడండి. మొదటి పేజీలో డిప్రెషన్ ప్రశ్నలు. ‘పేపరు చదవడం, టీవీ చూడటం లాంటివాటి మీద కూడా మనసు నిలవడం లేదా?’ ఒకామె ‘దాదాపు ప్రతిరోజూ’ దగ్గర టిక్కు పెట్టింది. పేజీ తిప్పింది. ‘గత 7 రోజుల్లో రోజుకు ఎన్ని నిమిషాలు నడిచారు?’ పెన్ను కాసేపు గాల్లో ఆగింది. ఖాళీగా వదిలేస్తే బాగుండదని 7 రోజులూ 30 అని రాసి ఇచ్చేసింది. కంప్యూటరు ఆ వారం మొత్తం 210 నిమిషాలను, నడక శ్రమకు కట్టిన విలువ 3.3తో హెచ్చవేసి 693 అని తేల్చి, ‘మధ్యస్థంగా చురుకైన వ్యక్తి’ గడిలో వేసుకుంది.