పైలట్లు లేరట, అందుకే మా గన్నవరం విమానం ఎత్తేశారట

ఇందాక అన్నం ముందు కూర్చున్నానో లేదో ఫోన్ టింగుమంది. వచ్చే నెల అమ్మానాన్నలు బెంగళూరు రావడానికి బుక్ చేసిన విమానం 'ఆపరేషనల్ కారణాల వల్ల' రద్దు. గన్నవరంలో పొద్దున్నే ఎక్కితే టిఫిన్ టైముకి మా ఇంట్లో ఉండాల్సిన డైరెక్ట్ ఫ్లైట్ అది. దాని బదులు పెద్ద మనసు చేసుకుని వాళ్లే ఇంకోటి ఇచ్చారు. గన్నవరం నుంచి శంషాబాద్, అక్కడ ఆరు గంటలు పడిగాపులు, ఆ తర్వాత బెంగళూరు. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేని మనిషి మా అమ్మ. శంషాబాద్‌లో ఆరు గంటలు ఏం చేస్తుంది? విమానాలు లెక్కపెడుతుందా?

సరే, అది కూడా పోనీ. అమ్మకు కిటికీ పక్కన కూర్చోవడం ఇష్టమని సీటుకు విడిగా 350 రూపాయలు కట్టాను. 4ఎఫ్. కొత్త టికెట్టులో ఆవిడకు 27ఈ, నడిమధ్య సీటు. నాన్నకు 19బి. యాభై ఏళ్ల కాపురంలో ఎప్పుడూ విడిగా ప్రయాణం చేయని దంపతుల్ని ఎనిమిది వరసల దూరంలో పడేశారు. మార్చుదామని యాప్ తెరిస్తే మళ్లీ డబ్బు కట్టమంటోంది. మరి ఆ 350? అది 'పరిశీలనలో ఉంది' అట. 350 రూపాయల మీద ఏం పరిశీలన చేస్తార్రా నాయనా, కమిటీ వేశారా?

ఇందులో తెలివి చూడండి. రెండు వారాల ముందే కబురు చెబితే పరిహారం ఇవ్వక్కర్లేదని రూలు. టికెట్ డబ్బు వెనక్కివ్వడమో, ఇంకో విమానంలో ఎక్కించడమో చేస్తే చేతులు దులిపేసుకోవచ్చు. విమానం టైముకి నడపలేరు గానీ ఈ మెసేజ్ మాత్రం ఎంత టైముకి పంపారో!

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒక అబ్బాయి, పాపం మర్యాదగానే, "కొత్త షెడ్యూల్‌లో ఆ సెక్టార్ తీసేశారు మేడమ్, క్రూ కొరత" అన్నాడు. ఆ మాట ఫ్యామిలీ గ్రూపులో పెట్టానో లేదో మా బాబాయ్ రంగంలోకి దిగాడు. "ఈ పైలట్లు నెలకి లక్షలు తీసుకుంటూ వారానికి రెండు రోజులు రెస్ట్ కావాలంటే ఇలాగే ఉంటుందమ్మా" అని. దానికి నాలుగు చప్పట్ల బొమ్మలు. నాకు ఒళ్లు మండింది చూడండి, ఈ పోస్టుకి అసలు కారణం అదే.

బాబాయ్, 2010 మంగళూరు గుర్తుందా? దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది పోయారు. కాక్‌పిట్ రికార్డర్‌లో ఏం దొరికిందో తెలుసా? కెప్టెన్ గురక. దారిలో గంటన్నరకు పైగా నిద్రపోయి, లేచి ఆ మత్తులోనే దింపబోయాడని విచారణలో తేల్చారు. ఇప్పుడు చెప్పు, రెస్ట్ ఎక్కువైందా?

అసలు ఆ రూలేమీ నిన్న రాత్రి కల్లో వచ్చింది కాదు. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 చేయడం, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించడం, ఇవన్నీ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలోనే చెప్పింది. ఆ జూన్‌లో అమలు కావాల్సింది. కంపెనీలు కాళ్లావేళ్లా పడి వాయిదా వేయించుకున్నాయి. పైలట్లు ఢిల్లీ హైకోర్టుకెళ్తే చివరికి 2025 జులైలో కొంత, నవంబరులో మిగతాది అమల్లోకి వచ్చింది. దాదాపు రెండేళ్లు! ముహూర్తం రెండేళ్ల ముందే తెలిసి, పెళ్లిరోజు పొద్దున వంటమనిషి కోసం వెతికినట్టుంది వీళ్ల యవ్వారం. డిసెంబరులో ఏమైందో అందరం చూశాం. ఇండిగో ఒక్క 5వ తేదీనే వెయ్యికి పైగా విమానాలు రద్దు చేసింది. ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల మీద తలపెట్టుకుని పడుకున్న జనం. ఆఖరికి ప్రభుత్వం ఏం చేసింది? పైలట్ల రాత్రి డ్యూటీ రూలు ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి దాకా సడలించింది. పరీక్షకు చదవని పిల్లాడికి తేదీ మార్చిచ్చారన్నమాట. తర్వాత షెడ్యూల్‌లో పది శాతం కోశారు. కోత ఎక్కడ పడుతుంది? ఢిల్లీ-ముంబై మీదా? అయ్యో, ఎంత మాట!

లెక్క చాలా సింపుల్. చిన్న ఊళ్లకు తిరిగే 78 సీట్ల ఫ్యాన్ల విమానం ఏటీఆర్‌కీ ఇద్దరు పైలట్లు కావాలి, రెండొందల పైచిలుకు సీట్ల ఎయిర్‌బస్‌కీ ఇద్దరే కావాలి. మనుషులు తక్కువైనప్పుడు ఆ ఇద్దర్నీ ఎక్కడ కూర్చోబెడతారో చెప్పడానికి ఎంబీయే అక్కర్లేదు. పోనీ ఏటీఆర్ తోలే ఆయన్ని రేపే ఎయిర్‌బస్ ఎక్కించగలరా అంటే కుదరదు, ఆ రకం విమానానికి విడిగా ట్రైనింగ్ అవ్వాలి. ఆయన నెలల తరబడి ట్రైనింగ్‌కి పోతే ఈలోపు ఏటీఆర్ రూటు ఖాళీ. పెద్ద విమానాలు కొంటున్నామని పేపర్లో ఫొటోలు వేయించుకున్న ప్రతిసారీ ఏ కడపో, ఏ కర్నూలో గుండెలు చిక్కబట్టుకోవాలి.

కడప అంటే గుర్తొచ్చింది. ట్రూజెట్ ఏమైంది? మన హైదరాబాద్ కంపెనీ, రామ్‌చరణ్ బ్రాండ్ అంబాసిడర్. 2015లో ఎగిరింది, 2022 ఫిబ్రవరిలో నేలకు దిగింది, మళ్లీ లేవలేదు. కడప వాళ్లకు అప్పట్లో దిక్కు అదే.

మా గన్నవరం కథ ఇంకా ముచ్చట. 2018 డిసెంబరులో సింగపూర్‌కు విమానం వేశారు. ఊరికే కాదు, సీట్లు నిండకపోతే ఆ నష్టం రాష్ట్ర ప్రభుత్వం భరిస్తానంది. అంటే నా పన్ను, మీ పన్ను. 2019లో ఆ డబ్బుల ఏర్పాటు ఆగింది, విమానమూ ఆగింది. మళ్లీ సింగపూర్ విమానం చూడ్డానికి 2025 నవంబరు దాకా ఆగాం. డబ్బిస్తే ప్రేమ, ఇవ్వకపోతే ఆపరేషనల్ కారణాలు.

ఈ గన్నవరం ఎయిర్‌పోర్టు కోసం కేసరపల్లి, బుద్ధవరం, అజ్జంపూడి రైతులు భూములిచ్చారు. మామూలు భూములు కాదవి, కృష్ణా జిల్లా మాగాణి. మా పెద్దమ్మ వాళ్లకూ ఒక చెక్క పోయింది, ఆ గొడవ ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే తెల్లారుతుంది. రన్‌వే 3,360 మీటర్లు చేశారు. ఎంత పెద్ద విమానమైనా దిగొచ్చన్నారు. దిగొచ్చు, నిజమే. దిగడానికి విమానమంటూ ఉండాలిగా.

పైగా విమానయాన మంత్రి మనవాడు! ముందు విజయనగరం అశోక్ గజపతిరాజు గారు, ఇప్పుడు శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు. మనవాడని చంకలు గుద్దుకున్నదాన్ని నేనూ. 2025 డిసెంబరులో టికెట్ రేట్లకు కళ్లెం వేశారు, 500 కిలోమీటర్ల లోపు 7,500 దాటకూడదని. మంచిదే. కానీ విమానమే లేని రూటుకి రేటు ఎంతైతే ఏంటండీ?

రైల్లో రావచ్చుగా అని కామెంట్ పెట్టబోతున్న వాళ్లకి: ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ వెయిటింగ్ లిస్టు ఒకసారి చూసి రండి. బస్సంటారా, కర్నూలు దగ్గర స్లీపర్ బస్సు తగలబడ్డప్పటినుంచి మా అమ్మ బస్సు మాటెత్తితేనే దణ్ణం పెడుతోంది.

ఇంత జరుగుతుంటే కొత్త ఎయిర్‌పోర్టుల లిస్టు మాత్రం పెరుగుతూనే ఉంది. కుప్పం, దగదర్తి, తాడేపల్లిగూడెం, పలాస. అటు తెలంగాణలో వరంగల్ దగ్గర మామ్నూరు. కట్టండి, కాదనను. వరంగల్ వాళ్లకి మాత్రం ఒక మాట. భూమి కాగితాల మీద సంతకం పెట్టేముందు, రోజుకు ఎన్ని విమానాలు, ఎక్కడెక్కడికి, ఎన్నేళ్లపాటు అన్నది కూడా అదే కాగితం మీద రాయించుకోండి. మా వాళ్లు రాయించుకోలేదు.