ఎపాక్సీ పనిలో మాస్క్ ముక్కుకి, మరి చేతులకి?

ఆర్‌సీ విమానాలు, పడవలు, అంటే రిమోట్‌తో నడిపే మోడల్స్, కట్టేవాళ్ళ వీడియోలు చూస్తుంటే ఒక్క విషయంలో నాకు ఒళ్ళు మండుతుంది. సూపర్ గ్లూ చుక్క వేసేటప్పుడు కిటికీ తీస్తారు, ఫ్యాన్ పెడతారు, కళ్ళు మండుతున్నాయని మొహం పక్కకి తిప్పుకుంటారు. అదే మనిషి ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) కలిపి, రెండు రెక్కలు కలిసే చోట గ్లాస్ క్లాత్ (గాజు పోగుల గుడ్డ) పరిచి, ఉత్త వేలితో అద్దుతాడు. మొహానికి మాత్రం నీలం రంగు సర్జికల్ మాస్క్! అది ఆవిరిని ఎలాగూ ఆపదు. అడ్డు కావాల్సిన చేతులకేమో ఏమీ లేదు.

దీనికి కారణం వాసనే అని నా అనుమానం. ఇలాంటి పనికే వాడే ఇంకో రకం, పాలిస్టర్ రెసిన్ మూత తీస్తే అందులోని స్టైరీన్ అనే రసాయనం ఘాటు పక్కింటికి కూడా తెలిసిపోతుంది. ఎపాక్సీ మామూలు వేడిలో పెద్దగా ఆవిరవదు, అందుకే వాసన తక్కువ. వాసన లేదంటే ప్రమాదం లేదని మనవాళ్ళ లెక్క. పైగా ఎపాక్సీ జిగురే అయిన అరాల్డైట్ చిన్నప్పటి నుంచీ ఇంట్లో చూస్తున్న వస్తువాయె, భయం ఎక్కడి నుంచి వస్తుంది?

ఎపాక్సీతో అసలు గొడవ చర్మానికి. రెసిన్‌కీ, హార్డెనర్‌లోని అమీన్లనే రసాయనాలకీ అలర్జీ పుట్టించే గుణం ఉంది. అది మొదటి రోజే బయటపడదు. ఏళ్ళ తరబడి ఏమీ కాకపోవచ్చు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒకసారి దాన్ని శత్రువుగా గుర్తుపట్టిందంటే మాత్రం ఇక ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఆ తర్వాత కొంచెం తగిలినా ఒకటి రెండు రోజుల్లో దురద, ఎర్రదనం, నీటి పొక్కులు. "ఇరవయ్యేళ్ళుగా వాడుతున్నా, నాకేం కాలేదు" అనే పెద్దమనిషి ప్రతి గ్రూపులోనూ ఉంటాడు. ఆయన చెప్పేది నిజమే, నిన్నటి వరకు. నాకు తెలిసిన ఒకాయనకి ముందు వాచింది వేళ్ళు కాదు, కనురెప్పలు. రెసిన్ అంటిన చేత్తోనే కళ్ళద్దాలు సర్దుకునేవాడు. ఇప్పుడు బాల్సా (తేలికపాటి చెక్క) పనంతా ఫెవికాల్‌తో కానిచ్చేసి, ఎపాక్సీ తప్పని ఇంజిన్ ఫైర్‌వాల్ (ఇంజిన్ బిగించే పలక) దగ్గరికొచ్చేసరికి మోడల్‌ని స్నేహితుడి ఇంటికి మోసుకెళ్తున్నాడు.

గ్లోవ్స్ అంటే లేటెక్స్‌వి కాదు, నైట్రైల్‌వి. అవి కూడా పలచనే కాబట్టి రెసిన్ అంటగానే మార్చేయాలి. అదే గ్లోవ్‌తో ఫోన్ తీసి, తలుపు గడియ పట్టుకుంటే ఇంటిల్లిపాదికీ పంచినట్టే. వేలకు వేలు పోసి మోటారు కొనేవాళ్ళు గ్లోవ్స్ డబ్బా దగ్గర బేరాలాడటం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంతకంటే ఘోరం, అంటిన రెసిన్‌ని అసిటోన్‌తోనో థిన్నర్‌తోనో కడుక్కోవడం. చర్మం మీద ఉండే నూనె పోతుంది, పలచబడ్డ రెసిన్ లోపలికి దిగడానికి దారి దొరుకుతుంది. పొడి టిష్యూతో తుడిచి సబ్బు నీళ్ళతో కడుక్కుంటే చాలు. ఇంజిన్ చుట్టూ ఇంధనం ఇంకకుండా ఎపాక్సీని స్పిరిట్‌తో పలచన చేసి పూసేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. అక్కడ చర్మంతోపాటు స్పిరిట్ ఆవిరి గొడవ కూడా ఉంది, గాలి ఆడాల్సిందే.

నేను మాస్కే వద్దనడం లేదు. సాండింగ్ చేసేటప్పుడు ఎన్95 తప్పనిసరి. ముట్టుకుంటే గట్టిగా ఉంది కదా అని మర్నాడే శాండ్ పేపర్ పట్టుకుంటారు. చాలా రకాలు పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది. ఆలోపు రేగే దుమ్ములో సగం ఉడికిన రెసిన్, గాజు పోగులు కలిసే ఉంటాయి. తడిపి రుద్దితే దుమ్ము చాలావరకు లేవదు.

ఇక మన ఎండలు. వేడి 10 డిగ్రీలు పెరిగితే కలిపిన ఎపాక్సీ పని చేసే సమయం సుమారుగా సగానికి పడిపోతుంది. డబ్బా మీద 30 నిమిషాలు అని ఉంటే అది 25 డిగ్రీల దగ్గర లెక్క. మే నెలలో విజయవాడలో మేడ మీద గదిలో ఆ అంకెని నమ్ముకుని కప్పు నిండా కలిపారనుకోండి, అది తనంతట తానే వేడెక్కి పొగలు కక్కుతుంది, ప్లాస్టిక్ కప్పు కరిగిపోతుంది. ఆ పొగ పీల్చకూడదు. కప్పుని వెంటనే బయట, గచ్చు మీద పెట్టేయాలి. అసలు కొంచెం కొంచెంగా కలుపుకుని, వెడల్పాటి పళ్ళెంలో పలచగా పోసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందనే నమ్మకం ఒకటి. అది పాలిస్టర్ నుంచి వచ్చిన అలవాటు, అందులో పోసేది కెటలిస్ట్, అంటే గట్టిపడటాన్ని మొదలుపెట్టించే మందు. ఎపాక్సీలో హార్డెనర్ రెసిన్‌తో లెక్కగా జతపడాలి. జత దొరకని హార్డెనర్ అక్కడే మిగిలి, అతుకు మెత్తబడుతుంది, ముట్టుకున్న చర్మాన్నీ బాధపెడుతుంది.

ఇవన్నీ కొనేవాడికి ఎవరు చెప్పాలి? ఈమధ్య ఒక కొట్లో ఎ, బి అని మార్కర్‌తో రాసిన రెండు లూజు సీసాలు చేతిలో పెట్టారు. కంపెనీ పేరు లేదు, హెచ్చరిక లేదు. సేఫ్టీ డేటా షీట్ (ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన కాగితం) ఉందా అంటే కొట్టువాడు వింతగా చూశాడు. పోనీ పాళ్ళెంత అని అడిగాను. "సగం సగం సార్. తొందరగా కావాలంటే బి కాస్త ఎక్కువ పోసుకోండి" అన్నాడు.