కాబోయే టీచరు ముందు తన పాఠం తాను చూసుకోవాలి

బీఈడీ, డీఎల్‌ఈడీ వంటి టీచరు శిక్షణ కోర్సులు చదివినవాళ్లను నిద్రలేపి అడిగినా, చిన్న పాఠం చెప్పి సరిదిద్దుకుని మళ్లీ చెప్పే సూక్ష్మబోధన (మైక్రోటీచింగ్) చక్రం తడుముకోకుండా చెబుతారు. బోధనకు 6 నిమిషాలు, ఫీడ్‌బ్యాక్‌కు 6, ప్లాను తిరగరాయడానికి 12, మళ్లీ బోధనకు 6, మళ్లీ ఫీడ్‌బ్యాక్‌కు 6, మొత్తం 36. బిట్టుగా వచ్చే అవకాశం ఉంది కాబట్టి కంఠతా పడుతుంది. ఇది 1960ల మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిందని కూడా చదువుతారు. అక్కడ ఈ పద్ధతికి ఆధారం వీడియో రికార్డర్ అన్న సంగతి దగ్గర మాత్రం ఎవరూ పెద్దగా ఆగరు. ఛాత్రోపాధ్యాయుడు, అంటే శిక్షణలో ఉన్న కాబోయే టీచరు, కొద్దిమంది పిల్లలకు చిన్న పాఠం చెబుతాడు, దాన్ని రికార్డు చేస్తారు, ఆ తర్వాత అతనే కూర్చుని తన పాఠం చూసుకుంటాడు. చూశాక కనబడిన లోపం సరిదిద్దుకుని మళ్లీ చెబుతాడు. మన దేశానికి వచ్చేసరికి రికార్డరు కొనే స్తోమత కాలేజీలకు లేకపోయింది. దాంతో తోటి విద్యార్థులూ లెక్చరరూ వెనక కూర్చుని పరిశీలన పత్రం నింపే ఏర్పాటు చేసుకున్నాం. అప్పటికి అది తెలివైన సర్దుబాటే.

ఇప్పుడు ఛాత్రోపాధ్యాయుల జేబుల్లో కెమెరాలున్నాయి. పద్ధతి మాత్రం మారలేదు. నా పాఠానికి నువ్వు ‘బాగుంది’ అని టిక్కు పెట్టు, నీ పాఠానికి నేను పెడతాను అన్న ఒప్పందం మీద పరిశీలన పత్రాలు నిండుతున్నాయి. తరగతి గదిలో టెక్నాలజీ అనగానే మనకు గోడ మీది డిజిటల్ తెర, అదే ప్యానెలూ, పిల్లల చేతిలోని ట్యాబూ గుర్తొస్తాయి. కాబోయే టీచరుకు అన్నిటికంటే ముందు కావలసింది తనవైపు తిప్పుకున్న కెమెరా అని నా వాదన. ప్యానెల్ సంగతి ఆ తర్వాత.

తన పాఠం చూసుకుంటే ఏం తెలుస్తుంది? ఒక్క విషయమే తీసుకుందాం. ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగుతాడు? మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల రికార్డింగులు విని దీన్ని లెక్కగట్టారు. సగటున ఒక సెకను, అంతకంటే తక్కువ కూడా. అదే టీచర్లు 3 సెకన్లకు మించి ఆగడం అలవాటు చేసుకున్నప్పుడు పిల్లల జవాబుల నిడివి పెరిగింది, ఎక్కువమంది నోరు విప్పారు, మౌనంగా ఉండిపోవడం తగ్గింది. మన బడుల్లో ఇంకో రకం తొందర కూడా ఉంది. “మొక్కలు ఆహారం తయారుచేసుకునే ప్రక్రియను ఏమంటారు? కిరణజన్య...” అని టీచరు సాగదీస్తాడు, “సంయోగక్రియ!” అని తరగతి అంతా ఒక్క గొంతుతో పూర్తిచేస్తుంది. వరండాలో నడుస్తున్న హెడ్మాస్టరుకు అది చురుకైన తరగతిలా వినిపిస్తుంది. నిజానికి జవాబులో సగం టీచరే ఇచ్చేశాడు, మిగతా సగం మొదటి బెంచీ ఇచ్చింది, తక్కినవాళ్లు శ్రుతి కలిపారు. నువ్వు ఇలా చేస్తున్నావని చెబితే ఎవరూ నమ్మరు. ఫోన్‌లో చూస్తే నమ్మక తప్పదు.

బోర్డు మీద రాస్తూ దానికే అడ్డుగా నిలబడటం, ఆడపిల్లల వరుసను ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం, చివరి బెంచీ వైపు అడుగైనా వేయకపోవడం, వాక్యానికోసారి ‘అర్థమైందా’ అంటూ జవాబు కోసం ఆగకపోవడం వంటివన్నీ వీడియోలోనే బయటపడతాయి. పీరియడ్ ప్లానులో కనబడేవి కావు.

దీనికి ఖర్చేమీ లేదు. తరగతి వెనక కిటికీలో ఫోను ఆనించి, పిల్లల వీపులు, టీచరు ముఖం కనబడేలా పెడితే చాలు. ఒకసారి శబ్దం తీసేసి చూస్తే ఎక్కడ నిలబడ్డామో, ఎటు చూశామో తెలుస్తుంది. ఇంకోసారి బొమ్మ చూడకుండా వింటే ఎవరి గొంతు ఎంతసేపు వినబడిందో తెలుస్తుంది. బడి అనుమతి ముందే తీసుకోవాలి. పని అయ్యాక వీడియో తీసేయాలి. వాట్సాప్ స్టేటస్‌లకీ రీల్స్‌కీ అసలు ఎక్కించకూడదు. పిల్లల డిజిటల్ సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023లో పార్లమెంటు చట్టమే చేసింది. టీచర్లు పిల్లలతో చేస్తున్న రీల్స్ చూస్తుంటే ఆ సంగతి చాలామంది చెవిన పడినట్టు లేదు.

ఇక ప్యానెల్ దగ్గరికి వద్దాం. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు చేరాయి, వాటిలో తెలుగు పాఠాలూ ఉన్నాయి. 2004లో ఇస్రో చదువు కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని పంపింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. వాటిలో పాఠాలు నింపిన ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పెరూ దేశం 8 లక్షలకు పైగా ల్యాప్‌టాపులు పంచితే, 2012 నాటి అధ్యయనంలో లెక్కల్లోగానీ భాషలోగానీ మెరుగుదల కనబడలేదు. ఇవన్నీ వృథా అనడం లేదు. దాదాపు ప్రతిసారీ యంత్రం ముందు వచ్చింది, దానితో ఏ పాఠంలో ఏ చిక్కు విప్పాలన్న ప్రశ్న తర్వాత వచ్చింది, కొన్నిసార్లు రానేలేదు. టీచరుకు మిగిలింది స్విచ్ వేసే పని.

ఆ ప్రశ్న ముందు వేసుకుంటే పాఠం ఎలా మారుతుందో చూద్దాం. విద్యుత్ పాఠంలో పిల్లల్ని పట్టుకుని వదలని పొరపాటు ఒకటుంది. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటును బల్బు కొంత తినేస్తుందనీ, అవతలి వైపు తక్కువ కరెంటు తిరిగొస్తుందనీ అనుకుంటారు. ఇంట్లో కరెంటు ‘ఖర్చవుతుంది’ అని వింటూ పెరిగారు కాబట్టి అది సహజమే. ఓమ్ నియమం అప్పజెప్పినా ఈ నమ్మకం చెక్కుచెదరదు. తీగలో కదిలేది కంటికి కనబడదు కాబట్టి నల్లబల్ల ఇక్కడ పెద్దగా సాయపడదు. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ‘ఫెట్’ అనే ఉచిత సిమ్యులేషన్లలో సర్క్యూట్లు కట్టి చూసుకునేది ఉంది. తీగల్లో ఎలక్ట్రాన్ల కదలిక అందులో బొమ్మగా కనబడుతుంది, బల్బుకు రెండు వైపులా కరెంటును కొలిచే అమ్మీటరు పెట్టి చూడొచ్చు.

దాన్ని నేరుగా వేసి చూపిస్తే పిల్లలు చూసి మరిచిపోతారు. ముందు ప్యానెల్ ఆపే ఉంచాలి. బల్బుకు ఇటు ఎంత, అటు ఎంత అని అడిగి, ఒక్కొక్కరి చేతా నోటుబుక్కులో రాయించాలి. ఎందుకలా అనుకుంటున్నారో పక్కవాళ్లతో వాదించుకోనివ్వాలి. అప్పుడు ఆన్ చేయాలి. రెండు మీటర్లూ ఒకే అంకె చూపించగానే తరగతిలో లేచే గోల ఆ పీరియడ్‌కి ప్రాణం. బల్బు తినేది కరెంటును కాకపోతే మరి దేన్ని అన్న ప్రశ్న అప్పుడు వాళ్లలోంచే వస్తుంది. వెంటనే ప్యానెల్ ఆపేయాలి. 45 నిమిషాల పీరియడ్‌లో తెర వెలిగింది ఐదారు నిమిషాలే.

మరో పాఠంలో ఇదే ప్యానెల్ అనవసరం. పసుపు రాసిన కాగితం మీద సబ్బునీళ్లు పడితే ఎర్రబడుతుంది. మందార రేకుల రసంలో నిమ్మరసం పిండితే రంగు మారుతుంది. ఇవి ఊళ్లో దొరుకుతుండగా ఆమ్లాలు, క్షారాల ప్రయోగాన్ని యూట్యూబ్‌లో చూపించడం సోమరితనమే. ఎప్పుడు తెర కావాలి, ఎప్పుడు నిమ్మకాయ కావాలి అన్న ఈ ఎంపికను బీఈడీ కాలేజీలో సాధన చేయించాలి. బీఈడీ కొత్త పాఠ్యప్రణాళికలో ఐసీటీని (సమాచార, ప్రసార సాంకేతికతను) విమర్శనాత్మకంగా అర్థం చేసుకోవడం అనే అంశం ఉండనే ఉంది. చాలాచోట్ల అది పది స్లైడ్ల పవర్‌పాయింటుగా, మార్కుల కోసం రాసిచ్చే ఒక రికార్డు పుస్తకంగా తేలిపోతోంది. చాట్‌జీపీటీ వచ్చాక ఆ రికార్డు కూడా రెండు నిమిషాల పని. అది రాసిచ్చిన పాఠం ప్లాను తీసుకుని ఆదిలాబాద్ ఏజెన్సీ బడికి వెళ్లే కుర్రాడికి, తరగతిలో సగంమంది ఇంట్లో మాట్లాడేది గోండి అని అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. ఊరి పెద్దల చేత పాఠంలోని మాటలు గోండిలో చెప్పించి అదే ఫోన్‌లో రికార్డు చేసుకెళ్తే ఏ రెడీమేడ్ ప్లానూ చేయలేని పని జరుగుతుంది.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. ఉద్యోగంలో చేరిన టీచరుకు టెక్నాలజీ తనిఖీ అధికారి రూపంలోనే ఎదురవుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ పెడితే టీచర్ల సంఘాలు ఎదురు తిరిగాయి. మధ్యాహ్న భోజనానికి ఫొటో, మరుగుదొడ్డికి ఫొటో. ఈ బాధ తెలిసే తర్వాత చాలా యాప్‌లను కలిపి ‘లీప్’ అని ఒక్కటి చేశారు. ఇలాంటి చోట శిక్షణలోనూ కెమెరా పెడతామంటే ఇంకో నిఘా అనుకోరా? అనుకుంటారు, అనుకోవాలి కూడా. అందుకే ఆ వీడియో ఛాత్రోపాధ్యాయుడి సొంతంగానే ఉండాలి. ఏ పోర్టల్లోకీ అప్‌లోడ్ చేయించకూడదు. పాఠం ఎంత బాగా చెప్పాడన్నదానికి మార్కులు పెట్టకూడదు. మొదటి వీడియోకీ రెండోదానికీ మధ్య ఏం మార్చుకున్నాడు, ఎందుకు మార్చుకున్నాడన్నదే లెక్కలోకి రావాలి.

బీఈడీ రెండేళ్ల కోర్సుగా మారాక బడిలో గడిపే కాలం 20 వారాలకు పెరిగింది. సమయం లేదనడానికి వీల్లేదు. ఆ వారాల్లో ఒకే పాఠ్యాంశం రెండుసార్లు చెప్పిన రెండు వీడియోలు, మార్పుల మీద ఒక పేజీ నోటు ప్రాక్టికల్స్ రోజు చూపిస్తే చాలు. పరీక్షకుడు ఓ పది నిమిషాలు చూసి నాలుగు ప్రశ్నలు వేస్తాడు. బదులుగా అట్ట వేసిన రికార్డుల కట్టలో రెండు మూడు తగ్గించొచ్చు. దీన్ని ముందుగా వ్యతిరేకించేది విద్యార్థులు కాకపోవచ్చు. రికార్డులైతే బయట డబ్బిచ్చి రాయించుకోవచ్చు, వీడియోలో మాత్రం ఆ అభ్యర్థే నిలబడి పాఠం చెప్పాలి. తరగతులకు రాకుండానే పరీక్ష రాయించే ‘నాన్ అటెండింగ్’ సీట్ల మీద బతుకుతున్న కాలేజీలకు ఆ తేడా బాగా తెలుసు.