కామిక్కుల్లో లేని మనవాళ్లు

పిల్లల చేతిలో కామిక్ కనిపిస్తే చదువు పాడైపోతుందని బెంగపడే తల్లిదండ్రులు బ్రిటన్‌లోని మన తెలుగు సంఘంలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లతో నేను ఒప్పుకోను. డెబ్భైల చివర్లో ఇంగ్లండులోని లెస్టర్‌లో పెరిగిన నాకు ఇంగ్లీషు పట్టుబడింది బడిలో కాదు, బీనో, డాండీ, యుద్ధకథల బ్యాటిల్ లాంటి కామిక్ వారపత్రికల్లో. తోటి పిల్లలు దేనికి నవ్వుతారో, ఏ మాటంటే గొడవ ముదురుతుందో అక్కడే తెలిసింది.

డాండీ 1937లో, బీనో 1938లో పుట్టాయి. రెండూ స్కాట్లాండులోని డండీ నగరం నుంచి డీసీ థామ్సన్ కంపెనీ తెచ్చినవే. యుద్ధంలో కాగితం కరువొచ్చి, కొన్నేళ్లు ఒక వారం ఇదీ ఒక వారం అదీ వచ్చేవి. తిండికి రేషను 1954 దాకా సాగింది. అందుకేనేమో, ఆ కథల్లో ఏ ఘనకార్యానికైనా చివరి బొమ్మ గడిలో దొరికే బహుమానం విందే: పళ్లెంలో గుట్టగా పోసిన బంగాళాదుంప ముద్ద, అందులో గుచ్చి నిలబెట్టిన సాసేజీలు. నా పోరు పడలేక మా అమ్మ ఓసారి దుంపలు ఉడికించి మెదిపి, సాసేజీల బదులు మిరపకాయ బజ్జీలు గుచ్చి పెట్టింది.

మా వీధి చివర పత్రికలు అమ్మే కొట్టు 1972లో ఉగాండా నుంచి వెళ్లగొట్టబడి వచ్చిన ఒక గుజరాతీ కుటుంబానిది. ప్రతి వారం కాపీ తీసిపెట్టమని కోరే కూపను పత్రికలోనే ఉండేది. కత్తిరించి ఇస్తే, కొట్టాయన కాపీ మూల మీద పెన్సిలుతో మా ఇంటి నంబరు వేసి పక్కన పెట్టేవాడు. అట్ట మీద 'లోపల గొప్ప వార్త!' అని ఉందంటే మాత్రం గుండె గుభేలుమనేది. ఆ పత్రిక మూతబడి ఇంకోదాంట్లో కలిసిపోతోందని పిల్లలందరికీ తెలుసు. లయన్ వెళ్లి వేలియంట్‌లో, వేలియంట్ వెళ్లి బ్యాటిల్‌లో, చివరికి 1988లో బ్యాటిల్ వెళ్లి ఈగిల్‌లో కలిశాయి.

అమ్మేది మనవాళ్లే, కొనే పిల్లల్లోనూ మనవాళ్లున్నారు. లోపలి పేజీల్లో మాత్రం మనం లేము. బ్యాటిల్‌లో వచ్చిన 'డార్కీస్ మాబ్' బర్మా అడవుల్లో జరిగే కథ. వీరులంతా బ్రిటిష్ సిపాయిలే. అసలు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడిన బ్రిటిష్ 14వ సైన్యంలో ఎక్కువమంది భారతీయులు. ఆ యుద్ధంలో మొత్తం పాతిక లక్షలమంది భారతీయ సైనికులు పనిచేశారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనడం ఊరికే రాలేదు. రెండు ప్రపంచ యుద్ధాలకూ కొడుకులను పంపిన ఊరది. నేను చదివిన యుద్ధకథల్లో తెలుగు సిపాయి ఒక్కడూ ఎదురుపడలేదు.

అలాగని ఆ పత్రికలను తీసిపారేయలేను. 1979లో అదే బ్యాటిల్‌లో పాట్ మిల్స్ రాసి, జో కోహూన్ బొమ్మలు వేసిన 'చార్లీస్ వార్' మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వయసు దాచి సైన్యంలో చేరిన పదహారేళ్ల కుర్రాడు ఫ్రాన్సులోని సొమ్ యుద్ధరంగం కందకాల్లోంచి ఇంటికి ఉత్తరాలు రాస్తాడు, నిండా స్పెల్లింగు తప్పులతో. పక్క గడిలో బురద, శవాలు. యుద్ధమంటే ఏమిటో నాకు బడి పాఠం కంటే ఆ తప్పుల ఉత్తరాలే ఎక్కువ చెప్పాయి. ఒక మామూలు కూలికుటుంబం కుర్రాడి కథ అంత గొప్పగా చెప్పగలిగినవాళ్లకు మన కుర్రాడి కథ తట్టకపోవడమే నా బాధ.

బొమ్మలు వేసినవాళ్లకూ అన్యాయమే జరిగింది. డడ్లీ వాట్కిన్స్ లాంటి ఒకరిద్దరికి తప్ప డీసీ థామ్సన్ పత్రికల్లో సంతకం పెట్టే వీలుండేది కాదు. బీనోలో మినీ ద మింక్స్ అనే అల్లరి పిల్లను సృష్టించిన లియో బాక్సెండేల్ తన పాత్రల హక్కుల కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది.

బీనో ఇప్పుడు మారింది. 2021లో దాని బాష్ స్ట్రీట్ బడి కథల్లోకి హర్ష, మందిర కూడా వచ్చారు. సంతోషమే. కానీ మన తాతల కథలు కూడా డండీ వాళ్లే గీయాలని కూర్చోవడం నాకు నచ్చదు. మన వారాంతపు తెలుగు బడిలో బొమ్మలు బాగా వేసే పిల్లలున్నారు. వాళ్లకు మన సంఘం నడిపే ఈ పత్రికలో సంచికకు రెండు పేజీలు ఇవ్వాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. కథ తెలుగులో, మాటలు పిల్లలవే, గీసినవారి పేరు మొదటి గడి పైనే అచ్చు వేయాలి. అక్షరదోషాలుంటే ఉండనివ్వండి. మొదటి కథ బర్మా వెళ్లిన తెలుగు సిపాయిది కావాలని నా కోరిక. తాతల సర్వీసు పుస్తకాలు, పతకాలు, ఫోటోలు అటకల మీద ఉన్నవాళ్లు వాటిని ఫోటో తీసి సంపాదకులకు పంపండి. యూనిఫాం గుండీలు ఎలా ఉండేవో పిల్లలు తప్పకుండా అడుగుతారు.