స్కార్పియో ఎంతకి పోతుంది?

మామయ్యగారు పోయాక పంపకాల్లో పటమట ఫ్లాటు బావమరిదికి వెళ్లింది. నగలు మా ఆవిడకి వచ్చాయి. మొగల్రాజపురం ఇల్లూ, బ్యాంకు డిపాజిట్లూ అత్తయ్యగారివి. మిగిలింది 2011 నాటి తెల్ల స్కార్పియో. దాన్ని పెద్దలంతా కలిసి నాకు అంటగట్టారు. కాగితాల మీద ఓనరు అత్తయ్యగారు, అజమాయిషీ మా ఆవిడది, సరైన రేటుకి అమ్మిపెట్టే పని మాత్రం నాది.

సరైన రేటంటే ఎంత అని అడిగాను. అడగకుండా ఉంటే బండి ఎప్పుడో అమ్ముడుపోయేది.

బావమరిది డల్లాస్ నుంచి వీడియో కాల్‌లోకి వచ్చాడు. "ఆరుకి రూపాయి తగ్గినా ఇవ్వద్దు బావగారూ. ఆరు లక్షలంటే ఎంత? ఏడు వేల డాలర్లు. ఇక్కడ ఏడు వేల డాలర్లకి గడ్డి కోసే మిషన్ కూడా సరైంది రాదు" అన్నాడు. వాళ్ల దగ్గర కెల్లీ బ్లూ బుక్ అని ఒకటి ఉందిట, 1926 నుంచీ పాత కార్ల రేట్లు కట్టడమే దాని పనిట. మోడలూ, తిరిగిన మైళ్లూ కొడితే రేటు చెప్పేస్తుందిట. అందులో ఏపీ 16 నంబరు కొడితే ఏం చెబుతుందో కాస్త చూసి చెప్పమన్నాను. సిగ్నల్ కట్ అయింది.

పక్కింటి రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు కాలిక్యులేటర్ పట్టుకుని వచ్చారు. "ఎంతకి కొన్నారు?" పదిన్నర లక్షలు. "ఏళ్లు?" పద్నాలుగు. ఆదాయపు పన్ను లెక్కల్లో కారుకి ఏడాదికి 15 శాతం తరుగుదల తీస్తారట. ఆయన పద్నాలుగుసార్లు ఓపిగ్గా మీట నొక్కి, "లక్షా ఎనిమిది వేలు" అని తేల్చారు. మా ఆవిడ మొహం చూసి, "నూట ఎనిమిది వేలమ్మా, అష్టోత్తరం, శుభం" అని సర్దబోయారు. ఆ రోజు ఆయనకి కాఫీ రాలేదు.

ఇన్సూరెన్సు కాగితంలో ఏమన్నా ఆధారం దొరుకుతుందేమోనని చూశాను. వాళ్ల దగ్గర పట్టిక ఉంది. ఆరు నెలల్లోపు బండికి 5 శాతం, ఏడాదిలోపైతే 15 శాతం, అలా అలా ఐదో ఏడు వచ్చేసరికి 50 శాతం తగ్గిస్తారు. ఐదేళ్లు దాటిందా, పట్టిక అక్కడితో సరి. ఆపైన కంపెనీవాళ్లూ మనమూ మాట్లాడుకుని ఓ అంకె వేసుకోవడమే. ప్రీమియం కట్టే రోజున ఆ అంకె తగ్గించమని బతిమాలేదీ మనమే, అమ్మే రోజున అదే కాగితం చూసి ఇంతేనా అని ఏడ్చేదీ మనమే.

ఇక పాత బళ్ల ప్రకటనల మీద పడ్డాను. అదే మోడలు, అదే ఏడు, అటూ ఇటూగా అన్నే కిలోమీటర్లు తిరిగినవి మూడున్నర నుంచి నాలుగున్నర దాకా చెబుతున్నారు. మా ఆవిడ ఆ పై అంకె పట్టుకుంది. కానీ గుడివాడ బండి ఒకటి నేను చూడటం మొదలుపెట్టినప్పటి నుంచీ పదేసి వేలు దిగుతూ అక్కడే ఉంది. అడిగే రేటుకి ఏ బండీ పోవడం లేదన్నమాట. అమ్ముడుపోయిన రేటేమో ఎవడూ ప్రకటనలో వెయ్యడు. అది తెలియాలంటే కొనేవాడిలా ఫోన్ చేసి బేరం ఆడటమే దారి. నేనూ అదే చేశాను. తెనాలాయన ఒకాయన మూడు తొంభై దగ్గర మొదలుపెట్టి, నేను ఊఁ, ఆఁ అంటుంటేనే మూడుకి దిగాడు. "ఇంకొంచెం చూడండి" అన్నాను, ఫోన్ పెట్టేద్దామనే ఉద్దేశంతో. "ఎందుకండీ ఫోన్లో, రేపు బెజవాడలో పనుంది, బండే తెస్తా" అన్నాడాయన.

తెచ్చాడు. ఇంటి ముందు తెల్ల స్కార్పియో పక్కన తెల్ల స్కార్పియో ఆగేసరికి, ఎదురింటివాళ్లు ఏ పార్టీ మీటింగు అని అడగడానికి వచ్చారు. తెనాలాయన మా బండిని చూశాడు, నన్ను చూశాడు. "ఒకటుండగా ఇంకోటి ఎందుకండీ?" అన్నాడు. నేను నీళ్లు నములుతుంటే మా ఆవిడ లోపలినుంచి వచ్చి, "దాన్ని అమ్మేస్తున్నామండీ, మీకేమైనా కావాలా?" అంది. ఆ తర్వాత గంటసేపు ఆయన తన బండి నాకూ, మా ఆవిడ మా బండి ఆయనకీ అమ్మడానికి ప్రయత్నించారు. ఇద్దరిలో మా ఆవిడే గెలిచేట్టు ఉందని భయపడి కాబోలు, ఆయన టిఫిన్ తినకుండానే లేచాడు. పాపం మంచివాడు. తర్వాత తన బండి మాచర్ల వైపు రెండున్నరకి పోయిందని ఫోన్ చేసి మరీ చెప్పాడు. నా వెతుకులాట మొత్తంలో నిజంగా డబ్బు చేతులు మారిన రేటు అదొక్కటే.

ఈ సంగతి ఇంట్లో చెబితే, "వాళ్ల బండీ నాన్నగారి బండీ ఒకటేనా?" అంది మా ఆవిడ. దానికి లెక్కల్లో జవాబు లేదు.

ఆటోనగర్‌లో మామయ్యగారి బండి ఎప్పుడూ చూసే మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. పొద్దున్నే ఇంజను చల్లగా ఉండగా తెమ్మన్నాడు. వేడెక్కిన ఇంజను ఏ జబ్బయినా దాచేస్తుందట. స్టార్ట్ చేసి పొగ చూశాడు. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. రాలేదు. ఆయిల్ మూత తీసి చెయ్యి అడ్డం పెట్టి బ్యాక్ కంప్రెషన్ చూశాడు, బాగానే ఉందన్నాడు. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు చదివాడు. 3218. అంటే 2018లో 32వ వారం పుట్టిన టైరు. "గాట్లున్నాయి కదా అనుకోకు బాబూ, రబ్బరు ముసలిదైపోయింది" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నా జుట్టు వైపు ఎందుకు చూశాడో తెలియదు. అన్నీ అయ్యాక, "రెండు, మహా అయితే రెండుంబావు" అన్నాడు. పక్క షెడ్డువాడు అడక్కుండానే వచ్చి బండి చుట్టూ తిరిగి, తుక్కు కింద అయితే కిలోకి ఎంతో చెప్పబోయాడు. 2021లో వచ్చిన స్క్రాపింగ్ పాలసీ ప్రకారం కొత్త బండి షోరూం ధరలో 4 నుంచి 6 శాతం దాకా తుక్కు విలువ వస్తుందట. ఈ మాట ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

కాగితాల సంగతి పొడిగా ముగిస్తాను, అక్కడ నవ్వొచ్చేది తక్కువ. ఓనరు పోతే బండి నేరుగా అమ్మడానికి లేదు. ముందు ఫారం 31 పెట్టి వారసుల పేరుకి మార్చాలి. తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు, మిగతా వారసుల ఒప్పుదల, అన్నీ జతచెయ్యాలి. ఆ తర్వాతే అమ్మకం, ఫారం 29, ఫారం 30. ఇంత తతంగం చేసి అత్తయ్యగారి పేరు ఎక్కిస్తే, బ్రోకరొకడు ఆర్సీ చూసి "అయ్యో, సెకండ్ ఓనరాండీ" అని పెదవి విరిచాడు. బండి అదే షెడ్డులో, అదే ఇంట్లో, అదే కుటుంబంలో ఉంది. అయినా పాతిక వేలు కోసేశాడు. ఎలక్షన్ల ముందు తెచ్చి ఉంటే తెల్ల స్కార్పియోని ఎగరేసుకుపోయేవాళ్లం అని కూడా అన్నాడు. ఎలక్షన్లు 2024 మేలో అయిపోయాయి. అప్పుడు మామయ్యగారు బతికే ఉన్నారు, బండి దిగమంటే దిగేవారు కాదు.

ఇంటిల్లిపాదీ కూర్చుని చివరికి మూడు తొంభై అని ఖాయం చేశారు. బేరానికి కాస్త వదులుండాలి కదా అన్నారు. వాటర్ వాష్ చేయించాను, సీటు కవర్లు ఉతికించాను. డ్యాష్‌బోర్డు అర మాత్రం మా ఆవిడ ముట్టుకోనివ్వలేదు. అందులో మామయ్యగారి విభూతి పొట్లం, కళ్లద్దాల పెట్టె, ఓ ఎర్ర అట్ట పుస్తకం ఉన్నాయి. "నాన్నగారి సామాను, అమ్మే రోజున నేనే తీస్తా" అంది.

గుంటూరు నుంచి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఆయన వచ్చాడు. ఎక్కీ ఎక్కగానే సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాడు. సీటు కింద బోల్టులు గోరుతో గీకాడు. కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి వాసన చూశాడు. "బుడమేరు నీళ్లలో మునిగిందాండీ?" అన్నాడు. మాది కొండ వైపు ఇల్లు, మా వీధికి నీళ్లు రాలేదని చెప్పాను. "అందరూ అదే మాట చెబుతారండీ. బెజవాడలో బండి కొనాలంటే 2024 సెప్టెంబరు ముందు ఒక రేటు, తర్వాత ఒక రేటు" అన్నాడు. ఎక్కడా సొట్ట పడలేదు, క్లచ్ వెన్నలా ఉంటుంది, రికార్డంతా పక్కా, అని నా ధోరణిలో నేను చెప్పుకుపోతున్నాను. "రికార్డు ఇందులోనే ఉందాండీ?" అంటూ ఆయన అర తెరిచి ఎర్ర పుస్తకం తీశాడు.

మామయ్యగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ శాఖలో కాలవ గట్టు మీద ఎంత మట్టి పడిందో కొలిచి ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో రాసి సంతకం పెడితే తప్ప కాంట్రాక్టరుకి రూపాయి రాదు. ఆ అలవాటు ఆయనకి రిటైరయ్యాక కూడా పోలేదు. గుంటూరాయన కళ్లజోడు సవరించుకుని పైకే చదవడం మొదలుపెట్టాడు.

"14-6-2016. వెనుక డోరుకు సొట్ట. కారణం: అల్లుడు రివర్సు చేయుట. మరమ్మతు రూ. 4,200. అల్లుని వద్ద వసూలు చేయలేదు."

గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ నా వైపు చూసింది.

"1-9-2024. బుడమేరు వరద. సింగ్‌నగర్ బంధువుల కొరకు వెళ్లి బండిని ఫ్లైఓవర్‌పై నిలపడమైనది. టైర్లకు తప్ప నీరు తాకలేదు." ఇక్కడ గుంటూరాయన తల పంకించి, కార్పెట్ మళ్లీ సరిచేసి పెట్టాడు. నేను పావుగంట ప్రమాణాలు చేసినా నమ్మనివాడు, ఎప్పుడూ చూడని మనిషి చేతిరాతని ఒక్క వాక్యంతో నమ్మేశాడు.

"9-12-2024. మూడో గేరులో క్లచ్ జారుచున్నది. ప్లేటు మార్చవలెను. ప్రస్తుతము ఆపడమైనది."

ఆయన ఏమీ అనలేదు. హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజను ఠక్కున ఆగిపోవాలి. మా ఇంజను హాయిగా పాడుకుంటూనే ఉంది.

పుస్తకం వెనక పేజీల్లో ఏటా మార్చి 31 నాటికి బండి విలువ కట్టి ఉంది. 2023కి రూ. 2,75,000. 2024కి రూ. 2,45,000. చివరిది, ఆయన పోవడానికి కొద్ది వారాల ముందు రాసింది: "31-3-2025. అంచనా విలువ రూ. 2,15,000. నా తదనంతరం అల్లుడు నాలుగు లక్షలు చెప్పును. ఎవరునూ ఇవ్వరు."

వసారాలో కూర్చున్న అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమోనని దగ్గరికి వెళ్లాను. నవ్వుతున్నారు.

ఆ తర్వాత మూడు తొంభై అనే మాట ఎవరూ ఎత్తలేదు. బేరమంతా ఎం-బుక్ మీదే నడిచింది. "పెద్దాయన ఏడాదికి ముప్ఫై తగ్గించుకుంటూ వచ్చారు. మార్చి నుంచి ఇప్పటికి ఆరు నెలలు. పదిహేను తీసెయ్యండి" అన్నాడాయన. ఒప్పుకున్నాను. జులైలో నేను కొత్త బ్యాటరీ వేయించాను, ఆ ఏడున్నర వేల బిల్లు బయటికి తీసి కలపమన్నాను. కలిపాడు. "క్లచ్ ఖర్చు మరి?" అన్నాడు. అక్కడ పట్టుకున్నాను. "క్లచ్ పోయినట్టు డిసెంబరులో రాశారు. విలువ కట్టింది మార్చిలో. అంటే క్లచ్ పోయాకే కట్టిన రేటండీ అది" అన్నాను. గుంటూరాయన పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు. వచ్చే ఆగస్టుతో బండికి పదిహేనేళ్లు నిండుతాయి, ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ రెన్యువల్‌కి 5,000 కట్టాలి, అదన్నా తగ్గించమన్నాడు. బండికి పదిహేనేళ్లు ఎప్పుడు నిండుతాయో మామయ్యగారికి తెలియకుండా ఉంటుందా అన్నాను. దానికాయన నవ్వేసి, రెండు లక్షల ఏడున్నర వేలకి చెయ్యి కలిపాడు.

ఈ కబురు డల్లాస్‌కి చేరాక బావమరిది గంటసేపు మాట్లాడాడు. వాడి ఆరు లక్షల లెక్కలో మేం వాడికి ఎంత నష్టం తెచ్చామో డాలర్లలో చెప్పాడు. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి ఫారం 29 మీద అత్తయ్యగారి చేత సంతకాలు పెట్టించాను.

డబ్బు ఇచ్చి, తాళాలు తీసుకుని, గుంటూరాయన గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. ఏ సామాను ఎప్పుడు మార్చారో అంతా అందులోనే ఉంది, ఆ పుస్తకం కూడా ఇచ్చెయ్యండి, కావాలంటే ఇంకో ఐదు వేలు వేసుకోండి అన్నాడు. మా ఆవిడ ఏమనాలో తెలియక వాళ్లమ్మ వైపు చూసింది. బండి రేటు మీద ఇన్నాళ్లూ ఒక్క మాట మాట్లాడని అత్తయ్యగారు వసారాలోంచే గట్టిగా చెప్పారు.

"పుస్తకం ఇవ్వం. సందు చివర జిరాక్స్ షాపుంది, తీసుకోమనండి అల్లుడుగారూ. పేజీకి రెండు రూపాయలు, ఆయన్నే ఇచ్చుకోమనండి. సొట్ట పేజీ ఆయనకి అక్కర్లేదు, అది మనకి చాలు."